మట్టి అడగని మొక్క

పోయిన నెల గులాబీ అంట్ల కోసం కడియపులంక వెళ్ళాను. ఒక నర్సరీలో నిలబడి ఉంటే పక్కన కుర్ర జంట ఒకటి సక్యులెంట్లు, అంటే ఒంట్లో నీళ్ళు దాచుకునే మొక్కలు, ఏరుకుంటున్నారు. ఆ అమ్మాయి చేతిలో ఉన్న చిన్న కుండీలోంచి సన్నటి ఆకుపచ్చ పురికొసల్లాంటి కాడలు కిందికి జారుతున్నాయి. ఆకు లేదు, ముల్లు లేదు. రిప్సాలిస్ అనే ఒక రకం కాక్టస్. పదకొండేళ్ళుగా నేను పెంచుతున్న మొక్క, అంతకుముందు రెండుసార్లు చేజేతులా చంపుకున్న మొక్క. మన వైపు నర్సరీల్లో అది కనబడటమే అరుదు, అందుకే కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"దీన్నెలా చూసుకోవాలండీ?" అని ఆ అమ్మాయి అడిగింది.

"ఏం లేదమ్మా, సక్యులెంటే కదా. మాంచి ఎండ తగిలే చోట పెట్టండి, నీళ్ళు పదిరోజులకోసారి చాలు, కుండీ మార్చేటప్పుడు మన చేలో మట్టి వేసెయ్యండి. గోదావరి మట్టిలో కర్ర పాతినా చిగురేస్తుంది" అన్నాడు అమ్మే ఆయన.

ఆయన మోసం చెయ్యాలని అనలేదు, తను నమ్మిందే చెప్పాడు. కానీ ఆ మూడు సలహాలూ పాటిస్తే ఆ మొక్క ఒక వేసవి దాటదు. ఉండబట్టలేక కల్పించుకుని చెప్పాను. వాళ్ళు మర్యాదగానే విన్నారు, కానీ రోజంతా మొక్కల మధ్యే ఉండే మనిషి మాట నమ్మాలా, చేతిలో గులాబీ అంట్లు పట్టుకుని నిలబడ్డ ఎవరో ఆవిడ మాట నమ్మాలా అన్న సందేహం ఇద్దరి ముఖాల్లోనూ కనబడింది. బయల్దేరేముందు ఆ అబ్బాయి నా నంబరు తీసుకున్నాడు. ఇంటికొచ్చే దారంతా అదే ఆలోచన. అక్కడ రెండు నిమిషాల్లో సరిగ్గా చెప్పలేకపోయింది ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నా మాట ఇదీ. మన డెల్టా వాళ్ళకి మట్టి మీద ఉన్న నమ్మకమే ఈ రకం మొక్కల్ని చంపుతోంది. ఈ మొక్కకి కావలసింది మన దగ్గర పుష్కలంగా ఉంది, కానీ అది మట్టిలో లేదు. కొబ్బరి తోటల నీడలో ఉంది, ఆ నీడలో కదిలే గాలిలో ఉంది.

రెండుసార్లు ఎలా పోయిందంటే

మొదటి కొమ్మ బెంగళూరులో ఉండే మా అక్క ఇచ్చింది. తడిగుడ్డలో చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. అప్పటికి నాకు తెలిసిందల్లా ఇది కాక్టస్ అని. కాక్టస్ అంటే ఇసక, ఎండ, దాహం. గోదారి ఇసక తెప్పించి, చిల్లు కుండీలో పోసి, డాబా మీద పెట్టాను. ఫిబ్రవరిలో బాగానే ఉంది. మార్చికి కాడలు ఎర్రబారాయి, రంగు బాగుందని మురిసిపోయాను కూడా. అది రంగు తిరగడం కాదనీ మొక్క పడుతున్న బాధ అనీ ఏప్రిల్‌లో తెలిసింది. కణుపు కణుపు విడిపోయి రాలడం మొదలుపెట్టింది. రోహిణి కార్తె ఇంకా రానే లేదు, కుండీలో ఇసక ఒక్కటే మిగిలింది.

అక్క ఇంకో కొమ్మ పంపింది. ఈసారి ఎండ తప్పించి, వరండాలో పెట్టి, కాలవ గట్టు పక్కనుంచి తెచ్చిన ఒండ్రు మట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి నాటాను. నల్లగా, మెత్తగా, పిడికిట్లో నొక్కితే లడ్డూలా నిలిచే మట్టి. ఆ మట్టి చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. జూన్, జూలై గడిచాయి. ఆగస్టులో వారం రోజులు ముసురు పట్టింది. వాన కుండీలో పడకపోయినా గాలిలో చెమ్మకి మట్టి ఆరలేదు. ఒకరోజు పొద్దున్న కాడని ఇలా ముట్టుకుంటే మొదలు దగ్గర ఊడి చేతిలోకి వచ్చేసింది, లోపల గోధుమరంగు నీరు. పైన కాడలు మాత్రం ఇంకా పచ్చగానే ఉన్నాయి. అంటే వేళ్ళు ఎప్పుడో కుళ్ళిపోయాయి, కాడలు తమలో దాచుకున్న నీళ్ళతో ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాయి.

ఆ పచ్చటి కాడలు చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఒకసారి ఎండబెట్టి, ఒకసారి నానబెట్టి చంపాను. రెండుసార్లూ ఆ మొక్క అసలెక్కడ పుట్టిందో, అక్కడ ఎలా బతుకుతుందో అడగలేదు.

కొమ్మ మీద కరువు

రిప్సాలిస్ జాతుల్లో ఎక్కువ భాగం ఆగ్నేయ బ్రెజిల్ తీరాన ఉండే అట్లాంటిక్ అడవుల్లోవి. నా దగ్గరున్నది రిప్సాలిస్ బాక్సిఫెరా. దీని సంగతి ఇంకా చిత్రం. కాక్టస్ కుటుంబం మొత్తం అమెరికా ఖండాలదే, ఇదొక్కటే ఆఫ్రికాలో, మడగాస్కర్‌లో, ఇటు శ్రీలంకలో కూడా సహజంగా పెరుగుతుంది. పిట్టలు మోసుకొచ్చాయని కొందరు, ఓడల్లో వచ్చిందని కొందరు అంటారు. ఎక్కడున్నా అది ఉండేది వాన అడవుల్లో, నీడలో, పెద్ద చెట్ల కొమ్మల మీద.

వాన అడవిలో ఉండే మొక్కకి నీళ్ళు దాచుకోవలసిన అవసరం ఏమిటి? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు సతాయించింది. జవాబు ఆలోచించి కనుక్కోలేదు, ఓ సాయంత్రం వాన వెలిశాక మా మామిడి చెట్టు చూస్తే కనబడింది. కింద పాదులో నీళ్ళు నిలిచి ఉన్నాయి, కొమ్మ మీద బెరడు మాత్రం అప్పుడే పొడిబారుతోంది. కొమ్మ మీద మట్టి ఉండదు, ఏ పగుల్లోనో ఇంత కుళ్ళిన ఆకు, ఇంత నాచు ఉంటాయి. వాన పడ్డప్పుడు జోరున తడుస్తుంది, గంటలో ఆరిపోతుంది. అడవంతా తడిసి ముద్దైనా కొమ్మ మీద బతికేవాడికి రోజూ కరువే. అందుకే ఆ కాడల్లో నీళ్ళు దాచుకుంటుంది. ఎడారి కాక్టస్ లాగే పగలు శ్వాసరంధ్రాలు మూసుకుని రాత్రిపూట తెరిచి గాలి పీల్చుకుంటుంది.

సక్యులెంట్ అన్న మాట మొక్క నీళ్ళు దాచుకుంటుందని మాత్రమే చెబుతుంది, ఎండలో దాచుకుంటుందా నీడలో దాచుకుంటుందా అన్నది చెప్పదు. నమ్మకం కుదరకపోతే మన దగ్గర డ్రాగన్ ఫ్రూట్ వేసిన రైతుల్ని అడగండి. అదీ కాక్టసే, అదీ మధ్య అమెరికా అడవుల్లో చెట్లెక్కే తీగే. కాక్టస్ కదా ఎండకి తట్టుకుంటుందని వేసినవాళ్ళు మే నెలలో కాడలు పసుపెక్కి మాడిపోతుంటే షేడ్ నెట్ కట్టుకుంటున్నారు.

కాబట్టి ఈ మొక్కకి కావలసింది తరచూ తడవడం, వెంటనే ఆరడం, ఈ రెండూ. ఒండ్రు మట్టి మొదటిది ఇస్తుంది, రెండోది ఎప్పటికీ ఇవ్వదు. వరికి అదే వరం. నీళ్ళు పట్టి ఉంచే ఆ గుణం వల్లే ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ నేల అన్నం గిన్నె అయింది. ఆ గుణమే ఈ మొక్క వేరుకి ఊపిరాడకుండా చేస్తుంది.

వాన తిన్న డొక్క

మూడోసారి బతికించింది నేను కాదు, మా తోట చూసే ఆయన. కుళ్ళని కాడలు కొన్ని మిగిలాయి కదా, వాటిని రెండురోజులు నీడలో ఆరబెట్టాను, కోసిన చోట పొర కట్టింది. ఇక దేంట్లో పెట్టాలా అని చూస్తూ కొబ్బరి ఒలిచిన చోట నుంచి కొత్త డొక్కలు, అంటే కాయ మీది పీచు తొక్కలు, ఏరుతుంటే ఆయన ఆపాడు.

"అవి వద్దండి, ఉప్పుంటాది. గట్టు మీద నాలుగు వానలు తిన్న డొక్కలున్నాయి, అవి పట్టుకెళ్ళండి, ఆయ్."

ఆయన రిప్సాలిస్ పేరు వినలేదు, కాక్టస్ పెంచలేదు. కానీ డొక్క గురించి ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కొబ్బరి పీచులోనూ పొట్టులోనూ ఉప్పులుంటాయి, కడక్కుండా వాడితే లేత వేళ్ళు మాడతాయి. వానకి తడిసి తడిసి బూడిదరంగుకి తిరిగిన డొక్కలు తెచ్చి, అంగుళం ముక్కలు కొట్టి, ఎందుకైనా మంచిదని వాననీళ్ళలో మూడుసార్లు నానబెట్టి పారబోశాను. మూడు వంతులు డొక్క ముక్కలు, ఒక వంతు కట్టెబొగ్గు, పైన ఒక గుప్పెడు ఎండిన ఆకుల పొడి. మట్టి చిటికెడు కూడా లేదు. మూడు వారాలకి వేరు పట్టింది.

ఇప్పుడు నా దగ్గర అలాంటివి పద్నాలుగు ఉన్నాయి. కొన్ని వెదురు బుట్టల్లో, కొన్ని అరచేతంత డొక్కకి తాడుతో కట్టి వేలాడదీసినవి. పాతదాని కాడలు నా భుజం నుంచి నేల దాకా వస్తాయి. శీతాకాలం చివర్లో కాడల పక్కన గోరంత కూడా లేని తెల్లటి పూలు పూస్తాయి, తర్వాత సగ్గుబియ్యం ఉడికినట్టుండే కాయలు. పిండినల్లి పడితే పాత బ్రష్షుతో వేపనూనె రాస్తాను. ఎరువు పెద్దగా అడగదు, వానాకాలంలో నెలకోసారి బాగా పలచన చేసి ఇస్తే చాలు.

నీళ్ళ దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. మా వైపు బోరు నీళ్ళు ఉప్పన, కొసలు గోధుమరంగుకి తిరుగుతాయి. కాలవ నీళ్ళు మంచివే, కానీ సరిగ్గా మొక్కకి అవసరమైన ఎండాకాలంలోనే కాలవలు కట్టేస్తారు. అందుకని డాబా మీది వాననీళ్ళు రెండు డ్రమ్ముల్లో పట్టి మూతపెట్టి దాస్తాను. దోమలు చేరకుండా గుడ్డ కట్టాలి, అదొక్కటే శ్రమ.

అత్తయ్య అన్న మాట

ధైర్యం వచ్చాక ఒక మొక్కని పెరట్లో మామిడి కొమ్మకి కట్టాను. వారం తిరక్కుండా అత్తయ్య చూశారు.

"అమ్మాయ్, ఎవరైనా బదనికని చెట్టు మీంచి కోసి పారేస్తారు గానీ తెచ్చి కడతారా? ఈ చెట్టు మీ మావయ్యగారు వేసింది."

అత్తయ్య భయంలో అర్థం ఉంది. వేలాడే కాడలు, తెల్లటి జిగురు కాయలు, మట్టి తగలకుండా కొమ్మ మీద కాపురం. చూపుకి బదనికకి చెల్లెలే. ఆ మాటకొస్తే ఇంగ్లీషువాళ్ళు దీన్ని మిసిల్‌టో కాక్టస్ అంటారు, మిసిల్‌టో అంటే వాళ్ళ దేశపు బదనికే. 18వ శతాబ్దంలో దీన్ని మొదట వర్ణించినవాళ్ళు కూడా కాక్టస్ అని గుర్తుపట్టలేదు, కస్సైతా అనే పరాన్నతీగ ప్రజాతిలో చేర్చారు. రిప్సాలిస్ అన్న ప్రజాతి పేరు గేర్ట్‌నర్ అనే వృక్షశాస్త్రవేత్త 1788లో పెట్టాడు. గ్రీకులో ఆ మాటకి బుట్ట అల్లిక అని అర్థమట, తడికలల్లే పుల్లల్లా ఉండే ఆ కాడల్ని చూస్తే సరిగ్గా అతికింది.

అత్తయ్యకి ఇవేవీ చెప్పలేదు. ఒక ఏడాది ఉండనివ్వండి, చెట్టుకి ఏమైనా అయితే నేనే పీకేస్తానన్నాను. ఏడాది తర్వాత నిచ్చెన వేయించి, ఆవిడ కింద నుంచి చూస్తుండగా ఒక వేరు మెల్లగా లేపాను. బెరడు మీది నుంచి నాచు లేచినట్టు లేచి వచ్చింది, కింద బెరడు చెక్కుచెదరలేదు. బదనిక అయితే కొమ్మలోకి దిగిపోయి రసం పీలుస్తుంది, దాన్ని తీయాలంటే కొమ్మ కొట్టాలి.

"అయితే ఉండనీ. ఎక్కి కూర్చుంది గానీ ఏం తినట్లేదుగా" అన్నారు.

ఆ మామిడి మీది మొక్కకి నేను ఏ ఎరువూ వెయ్యలేదు. కుండీల్లో ఉన్న పద్నాలుగింటికన్నా అదే ఆరోగ్యంగా ఉంది.

మీరు అడిగేవి

మొదటి ప్రశ్న నాకు తెలుసు. మా ఇంట్లో బ్రహ్మకమలం మట్టిలోనే ఉంది కదా, ఏటా పూస్తోంది కదా అంటారు. నిజమే, మన ఇళ్ళల్లో అర్ధరాత్రి అందర్నీ లేపి చూపించే ఆ పువ్వు కూడా మెక్సికో, మధ్య అమెరికా వాన అడవుల కాక్టసే. అది మట్టిలో బతకడానికి కారణం దాని గట్టిదనం. మొదలు కట్టెబారుతుంది, వేరు బలమైనది, కొన్ని వానాకాలాలు ఓర్చుకుంటుంది. రిప్సాలిస్ కాడ పెన్సిలంత కూడా ఉండదు, దానికి ఓర్చుకునే శక్తి లేదు. పైగా బ్రహ్మకమలం బాగా పూస్తున్న ఇళ్ళల్లో కుండీ తిరగేసి చూడండి, నేను చూసిన చాలా ఇళ్ళల్లో అది పగిలిన కుండీలోనో పెంకులు, బొగ్గు, రాళ్ళు నిండిన పాత బకెట్లోనో ఉంది. తెలిసి చేసినా తెలియక చేసినా వేరుకి గాలి అందుతోంది.

రెండోది నా సందేహమే. కోనసీమ గాలి ఎంత చెమ్మదైనా మే నెలలో పడమటి వడగాలి వీచిన రోజున వాన అడవి అనిపించుకోదు. రాత్రులు కూడా చల్లబడవు, రాత్రిపూట గాలి పీల్చే మొక్కకి వేడి రాత్రి పెద్ద కష్టం. ఆ నెల రోజులూ కుండీలన్నీ తోటలోకి, కొబ్బరి కింద కోకో వేసిన చోటికి మారుస్తాను. పైన కొబ్బరి మట్టల నీడ, దాని కింద కోకో ఆకుల నీడ, నేల మీద రాలిన ఆకుల తడి. ఎండలోంచి అక్కడికి అడుగుపెడితే ఒంటికే తెలుస్తుంది తేడా. అయినా ప్రతి అడవి మొక్కా మనకి సాధ్యం కాదు. క్రిస్మస్ కాక్టస్ మూడేళ్ళు ప్రయత్నించి వదిలేశాను. అది రియో డి జనీరోకి ఉత్తరాన ఉన్న కొండల మీది మొక్క, చల్లటి రాత్రులు అలవాటు. నీడ ఇవ్వగలిగాను గానీ కొండ గాలి ఎక్కడి నుంచి తేను? కొనేముందు ఆ మొక్క పుట్టిన చోట రాత్రి ఎంత చల్లగా ఉంటుందో కనుక్కుంటే డబ్బూ మిగులుతుంది, ఒక ప్రాణమూ మిగులుతుంది.

మూడోది మా అబ్బాయి అడిగాడు, అన్నిటికన్నా గట్టి ప్రశ్న అదే. "అమ్మా, గుర్రపుడెక్క కూడా ఎవరో అందంగా ఉందనే తెచ్చారు కదా?" మన కాలవలు చూస్తూ పెరిగిన ఎవరూ ఈ మాటని తేలిగ్గా తీసిపారెయ్యలేరు. ఊదారంగు పువ్వు బాగుందని ప్రపంచమంతా పంచుకున్న ఆ దక్షిణ అమెరికా మొక్క ఇవాళ కాలవకి అడ్డుపడి చివరి చేలకి నీళ్ళు అందనివ్వట్లేదు. రిప్సాలిస్ కాయలు పిట్టలు తింటాయి, గింజలు కొమ్మల మీద పడతాయి. అంతంత నెమ్మదిగా పెరిగే మొక్క అలాంటి ఆగడం చేస్తుందని నేను అనుకోను, కానీ అనుకోవడం మీద ఆధారపడి పొరుగువాళ్ళ తోటలకి పూచీ పడలేను. అందుకే మామిడి మీది మొక్క కాయలు పండకముందే నిచ్చెనేసి కోసేస్తున్నాను. కుండీల వాటికి దోమతెర కడుతున్నాను. ఆ ప్రశ్న తర్వాత ఇంకో చెట్టుకి కట్టలేదు.

అరుదైన మొక్క కోసం వెతికేవాళ్ళకి ఇంకొక్క మాట. ఎక్కడి నుంచి వచ్చిందో అడగకుండా కొనకండి. 2015లో కాక్టస్ జాతుల మీద పెద్ద అంచనా ఒకటి వచ్చింది, దాని ప్రకారం వాటిలో 31 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. అడవులు నరకడం ఒక కారణమైతే అడవి నుంచి మొక్కల్ని పీకి అమ్మడం ఇంకొకటి. ఈ మొక్కకి అలా పీకవలసిన అగత్యమే లేదు, వేలెడంత కాడ చాలు. నేను ఇంతవరకూ ఒక్క కొమ్మ కూడా అమ్మలేదు, అడిగినవాళ్ళకి ఇచ్చాను.

నీడ పోయిన ఏడు

1996 నవంబరు 6 రాత్రి తుఫాను నాటికి నేను హైస్కూల్లో ఉన్నాను. పోయిన మనుషుల లెక్క, పడిపోయిన చెట్ల లెక్క మన అందరికీ తెలిసిందే. నాకు బాగా గుర్తుండిపోయింది తర్వాతి వేసవి. మా నాన్న తోటలో కొబ్బరి చెట్లు ముప్పాతిక భాగం కూలిపోయాయి. ఎండ తిన్నగా నేల మీద పడింది. అమ్మ కొబ్బరి కింద వేసుకున్న తమలపాకు తీగ, అల్లం, కంద, ఏవీ నిలవలేదు. మట్టి అదే మట్టి, కాలవ అదే కాలవ, ఎరువూ వేశాం. నాన్న ఎండిపోయిన తమలపాకు తీగ చేత్తో పట్టుకుని, "నీడ కూడా ఆస్తేనే, ఇన్నాళ్ళూ లెక్కలో రాసుకోలేదు" అన్నారు.

తోటలు కొట్టేసి చేపల చెరువులు తవ్వుతున్నప్పుడు, ఇంటి చుట్టూ చెట్లు తీసేసి సిమెంటు గచ్చు చేయిస్తున్నప్పుడు నాకు ఆ మాటే గుర్తొస్తుంది. ఎకరం మట్టికి ధర కడతారు, దాని మీది నీడకి ఎవరూ కట్టరు. నా పద్నాలుగు బుట్టలూ ఆ నీడ ఉన్నంతవరకే ఉంటాయి. మా పక్క తోట ఈ ఏడాది అమ్మకానికి పెట్టారు. కొన్నవాళ్ళు చెరువు తవ్వితే పడమటి వైపు వడగాలికి అడ్డుండదు. ఆ వైపు గట్టు మీద ఇప్పటికే వరసగా వెదురు, నాలుగు పనస మొక్కలు నాటించాను. అవి ఎదగడానికి ఏళ్ళు పడుతుంది, ఈలోగా తాటాకు దడి కట్టించాలి.

నిన్న రాత్రి ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. "ఆంటీ, కాడలు రాలిపోతున్నాయి, ఎండలోనే పెట్టాం" అన్నాడు. గొంతులో టెన్షన్. రాలిన ముక్కలు పారెయ్యొద్దని చెప్పాను. వాటిని కాగితం మీద పరిచి రెండురోజులు నీడలో ఉంచమన్నాను. ఆదివారం వస్తానన్నారు ఇద్దరూ. గట్టు మీద వాన తిన్న డొక్కలు ఏరి, నానబెట్టి ఉంచాను. ఇవాళ రెండోసారి నీళ్ళు మార్చాలి.